నేషనల్ పార్కు తరఫున మాట్లాడాలంటే ఏం నేర్చుకోవాలి?

ఏటా అక్టోబర్ 2 నుంచి 8 దాకా దేశమంతటా వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. స్కూళ్ళలో చిత్రలేఖనం పోటీలు, వ్యాసరచన, క్విజ్, చివర్లో ప్రతిజ్ఞ ఉంటాయి. పిల్లలు పులి బొమ్మ గీసి బహుమతి తీసుకుంటారు. మంచిదే. అడవి మీద ఇష్టం చిన్నప్పుడే పుట్టాలి. అయితే ఆ పిల్లలే ఇరవై ఏళ్ళవాళ్ళయ్యాక, తమ ఊరి పక్కనున్న నేషనల్ పార్కు చుట్టూ రక్షణ హద్దు ఎంతమేర ఉండాలో కేంద్రం ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజుల గడువు ఇచ్చిందనుకోండి. ఆ సంగతి వాళ్ళలో ఎంతమందికి తెలుస్తుంది? గెజిట్ హిందీలో, ఇంగ్లిష్‌లో వస్తుంది. చూసేవాళ్ళు లేక గడువు గడిచిపోతుంది. ఎప్పుడో బుల్డోజర్ వచ్చినప్పుడు మాత్రం ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కుతారు. అప్పటికి ఫైలు చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.

అడవిని ఇష్టపడటం నేర్పుతున్నాం. అడవి గురించిన నిర్ణయాలు ఎక్కడ, ఏ రోజున, ఎవరి సంతకంతో జరుగుతాయో మాత్రం నేర్పడం లేదు. యువతను పార్కుల తరఫున నిలబడేలా తయారు చేయాలంటే ఈ రెండో చదువు తప్పదు. ఇది కొంచెం చిక్కుగా ఉంటుంది కానీ, మామూలు డిగ్రీ విద్యార్థికి అందనంత కష్టం కాదు.

మొదట కేబీఆర్ పార్కు చుట్టూ ఒకసారి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన కాసు బ్రహ్మానందరెడ్డి నేషనల్ పార్కునే తీసుకుందాం. విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా లేదు. నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ ఇందులోనే ఉంది. 1998లో దీన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్ళకు నెమళ్ళు కనిపించే ఈ చోటు చుట్టూ దాదాపు పదేళ్ళుగా రోడ్ల గొడవ నడుస్తోంది. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టుపక్కల మూడు వేలకు పైగా చెట్లు పోతాయని వార్త వచ్చినప్పుడు నగరవాసులు చెట్లను కౌగిలించుకుని నిరసన తెలిపారు. అదే ఏడాది పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల నరికివేతపై స్టే ఇచ్చింది. ఈమధ్య మళ్ళీ అదే పార్కు చుట్టూ ఉన్న జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రతిపాదన ముందుకొచ్చింది.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. "నేషనల్ పార్కు కదా, పక్కన రోడ్డు ఎలా వేస్తారు?" అని అడుగుతారు. దానికి జవాబు తెలియాలంటే ఆ చోటును మూడు పొరలుగా చూడాలి.

లోపలి పొర పార్కు భూమి. దీనికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 35వ సెక్షన్ వర్తిస్తుంది. పార్కులోని జీవులకు గానీ, అవి బతికే చోటుకు గానీ నష్టం చేయకూడదు. పార్కులోకి వచ్చే నీటిని ఆపకూడదు, మళ్ళించకూడదు. వన్యప్రాణుల మేలుకు, పార్కు నిర్వహణకు అవసరమైతేనే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వగలరు. పార్కు సరిహద్దును ఒక్క గజం జరపాలన్నా జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు కావాలి. ఆ బోర్డుకు ప్రధానమంత్రి అధ్యక్షుడు. రోజువారీ ఫైళ్ళు చూసేది మాత్రం పర్యావరణ మంత్రి నేతృత్వంలోని స్థాయీ సంఘం. అంటే లోపలి భూమికి మన దేశంలో దొరికే రక్షణల్లో గట్టిదే దొరికింది.

రెండో పొర పార్కు గోడ బయట ఉండే ఎకో సెన్సిటివ్ జోన్. పార్కు మీద ఒక్కసారిగా ఒత్తిడి పడకుండా చుట్టూ కొంతమేర కాపు ఉండాలన్నది దీని ఉద్దేశం. దీన్ని ప్రకటించేది వన్యప్రాణి చట్టం కింద కాదు, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద. కొన్ని అడవుల చుట్టూ ఈ జోన్ కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. కేబీఆర్‌కు 2020 అక్టోబర్‌లో వచ్చిన తుది నోటిఫికేషన్ ప్రకారం 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల దాకా ఉంది. మూడు మీటర్లంటే ఒక కారు పొడవు కూడా కాదు. నగరం నడిబొడ్డున కిలోమీటరు వదలడం కుదరదన్నది నిజమే. అయినా చెట్ల వేళ్ళు, వాన నీరు, రాత్రిపూట వెలుతురు, హారన్ల మోత మూడు మీటర్ల దగ్గర ఆగిపోవు కదా. 2022 జూన్ 3న సుప్రీంకోర్టు ప్రతి రక్షిత అడవి చుట్టూ కనీసం ఒక కిలోమీటరు జోన్ ఉండాలని చెప్పింది. దాని వల్ల లక్షల మంది ఇళ్ళు, పొలాలు ఇబ్బందిలో పడతాయని రాష్ట్రాలు, కేంద్రం మొరపెట్టుకోవడంతో 2023 ఏప్రిల్ 26న ఆ ఆదేశాన్ని సడలించింది. కాబట్టి ఏ పార్కుకు ఎంత జోన్ అన్నది మళ్ళీ ఆ పార్కు నోటిఫికేషన్ మీదే ఆధారపడింది. ఆ నోటిఫికేషన్ ముసాయిదాగా ఉన్నప్పుడే జనం మాట చెల్లుతుంది.

మూడో పొర జోన్ దాటాక ఉండే రోడ్డు పక్క చెట్లు. వీటికి పార్కుతో చట్టపరంగా సంబంధం లేదు. తెలుగు రాష్ట్రాల్లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం చేసిన వాల్టా చట్టం వీటికి వర్తిస్తుంది. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇస్తున్నప్పుడు ఎవరైనా అడ్డు చెప్పారా లేదా అన్నది చాలాసార్లు తేడా తెస్తుంది.

ఈ మూడు పొరలూ తెలిస్తే ఎవరికి ఉత్తరం రాయాలో తెలుస్తుంది. లాయర్లు కూడా తడబడే ఒక చిక్కు ఉంది. హరిత ట్రిబ్యునల్ ఏడు చట్టాల కింద వచ్చే వివాదాలనే వినగలదు. వాటిలో పర్యావరణ పరిరక్షణ చట్టం, అటవీ సంరక్షణ చట్టం, జీవవైవిధ్య చట్టం ఉన్నాయి, వన్యప్రాణి సంరక్షణ చట్టం లేదు. అందుకే ఎకో సెన్సిటివ్ జోన్ మీద గొడవను ట్రిబ్యునల్‌కు తీసుకెళ్ళవచ్చు. పార్కు లోపలి భూమికి వన్యప్రాణి బోర్డు ఇచ్చిన అనుమతిని సవాలు చేయాలంటే మాత్రం హైకోర్టుకో, సుప్రీంకోర్టుకో పోవాలి. తప్పు తలుపు తడితే నెలలు పోతాయి. ట్రిబ్యునల్‌లో అనుమతి మీద అప్పీలుకు 30 రోజులే గడువు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి ఇవ్వరు.

మొల్లెంలో కుర్రాళ్ళు ఏం చేశారు

ఈ చదువు వంటబట్టినవాళ్ళు ఏం సాధించగలరో చూడాలంటే గోవా వెళ్ళాలి. కర్ణాటక సరిహద్దులో, పశ్చిమ కనుమల్లో భగవాన్ మహావీర్ అభయారణ్యం, మొల్లెం నేషనల్ పార్కు కలిసి ఉన్నాయి. రెండూ కలిపితే దాదాపు 240 చదరపు కిలోమీటర్లు. ఈ అడవి గుండా ఒకేసారి మూడు ప్రాజెక్టులు వచ్చాయి. మొదటిది రైల్వే లైను డబ్లింగ్, రెండోది 400 కేవీ కరెంటు లైను, మూడోది హైవే విస్తరణ. 2020 ఏప్రిల్ 7న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం వీడియో కాన్ఫరెన్స్‌లో సమావేశమైంది. ఈ అడవి గుండా పోయే ప్రాజెక్టులకు పచ్చజెండా ఊపిన సమావేశాల్లో అది ఒకటి.

బయటికి వెళ్ళి ర్యాలీ తీసే వీల్లేని రోజులవి. గోవా యువత 'ఆమ్చే మొల్లెం' పేరుతో కూడారు. వాళ్ళలో జీవశాస్త్రం చదివినవాళ్ళు, లాయర్లు, బొమ్మలు గీసేవాళ్ళు, ఆర్కిటెక్టులు, టూరిజం మీద బతికేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మొదట సమావేశాల మినిట్స్ (ఎవరేం అన్నారో రాసిన రికార్డు), పర్యావరణ నివేదికలు చదివారు. ఆ నివేదికల్లో ఏ జంతువు ఉందని రాశారో, ఏది రాయలేదో అడవి తెలిసినవాళ్ళతో సరిచూశారు. మూడు ప్రాజెక్టులకూ వేర్వేరుగా అనుమతులు అడుగుతున్నారని, మూడూ కలిపితే ఒకే అడవి మీద ఎంత నష్టం పడుతుందో ఎవరూ లెక్కవేయలేదని పట్టుకున్నారు. తర్వాతే బొమ్మలు, పాటలు, పోస్టర్లు వచ్చాయి. అడవిలో ఉడుతలు, కప్పలు, ఏ జీవి ఎక్కడుందో చూపే మ్యాపులు గీశారు. ఇంగ్లిష్ రిపోర్టులోని ముక్కను కొంకణిలో ఇంట్లో అమ్మమ్మకు చెప్పగలిగేలా మార్చారు. 2020 నవంబర్ మొదట్లో చాందోర్‌లో వేలాది మంది రాత్రంతా రైలు పట్టాల మీద కూర్చున్నారంటే, ఆ జనం ఒక్క రోజులో కూడినవాళ్ళు కాదు.

మరోపక్క గోవా ఫౌండేషన్ అనే పర్యావరణ సంస్థ ఈ విషయాన్ని సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ముందుకు తీసుకెళ్ళింది. కమిటీ వచ్చి చూసి, 2021 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. రైల్వే నెట్‌వర్క్‌లోనే అతి తక్కువ సామర్థ్యంతో నడిచే కొండ మార్గం కోసం పశ్చిమ కనుమల్లోని సున్నితమైన అడవిని నాశనం చేయడానికి సమర్థన కనిపించడం లేదని చెప్పింది. ఈ మాటను కొంచెం ఆగి చూడాలి. రైల్వేను ఓడించింది పులి ఫొటో కాదు. కాసిల్ రాక్ నుంచి కులెం దాకా దిగే ఆ ఘాట్‌లో 37 అడుగులకు ఒక అడుగు వాలు ఉంది. ఎన్ని పట్టాలు వేసినా ఆ వాలు మారదు. అక్కడ రెండో లైను వేసినా రైల్వే చెప్పినంత లాభం ఉండదన్న లెక్కే వాదనకు వెన్నెముక. అడవి కోసం మాట్లాడాలనుకునే కుర్రాడికి రైలు పట్టాల వాలు గురించి కూడా తెలియాలి. 2022 మే 9న జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం రైల్వే డబ్లింగ్‌కు వన్యప్రాణి బోర్డు ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. జరగబోయే నష్టాన్ని సరిగా అంచనా వేయనప్పుడు ముందుజాగ్రత్త సూత్రమే పాటించాలని చెప్పింది. వివరంగా అధ్యయనం చేసి మళ్ళీ ప్రతిపాదన పెట్టుకునే దారిని మాత్రం మూయలేదు.

సాక్ష్యం ఏది, ప్రచారం ఏది

2025 మార్చి చివర్లో మన దగ్గర కంచ గచ్చిబౌలి కదిలింది. ఇది నేషనల్ పార్కు కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాలకు అడవి అన్న నోటిఫికేషన్ కూడా లేదు. అక్కడ నేల చదును చేయడానికి రాత్రింబవళ్ళు యంత్రాలు నడుస్తుంటే విద్యార్థులు అడ్డుపడ్డారు. దెబ్బలు తిన్నారు, వాళ్ళ మీద కేసులు పెట్టారు. ఆ కేసులను వెనక్కి తీసుకోవాలని ప్రభుత్వం తర్వాత చెప్పింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా విషయాన్ని తీసుకుని, తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను అదే రోజు వెళ్ళి చూసి సాయంత్రంలోపు నివేదిక పంపమంది. దాదాపు వంద ఎకరాలు చదును చేశారని, అక్కడ నెమళ్ళు, జింకలు కనిపించాయని ఆ నివేదిక చెప్పింది. పనులు ఆగిపోయాయి.

ఆ విద్యార్థుల ధైర్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. వాళ్ళు అడ్డు నిలబడకపోతే రిజిస్ట్రార్ వెళ్ళేసరికి చూడ్డానికి ఏమీ మిగిలి ఉండేది కాదు. అయితే అదే వారంలో జరిగిన మరో సంగతిని కూడా శిక్షణలో చెప్పాలి. కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు, వీడియోలు కొన్ని సోషల్ మీడియాలో నిజమైనవాటితో కలిసి తిరిగాయి. వాటిని చూపించి మొత్తం ఉద్యమమే అబద్ధపు ప్రచారమని ప్రభుత్వ పక్షం వాదించింది. నిజంగా జరిగిన నష్టం గురించి మాట్లాడాల్సిన సమయం ఏ ఫొటో అసలుదన్న చర్చలోకి జారింది. ఒక్క నకిలీ చిత్రం వంద నిజమైన ఫొటోలను అనుమానంలోకి నెడుతుంది.

అందుకే శిక్షణలో నమోదు చేయడం పెద్ద పాఠం కావాలి. ఫొటోకు తేదీ, సమయం, చోటు ఉండాలి. ఎవరు తీశారో తెలియాలి, అసలు ఫైలు దాచి ఉండాలి. పక్షిని చూస్తే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి, చెట్టునో పురుగునో చూస్తే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. పేరు తెలియకపోతే తెలిసినవాళ్ళు చెప్పేదాకా ఊహించి రాయకూడదు. ఇలా ఏళ్ళ తరబడి పోగైన నమోదు ఉంటే, "ఇక్కడ చెప్పుకోదగ్గ వన్యప్రాణులు లేవు" అని కన్సల్టెంట్ రాసిన వాక్యం ముందు అది నిలబడుతుంది. ప్రమాదం వచ్చాక మొదలుపెట్టిన జాబితాకు ఆ బలం ఉండదు.

అడవిలో ఉన్నవాళ్ళను అడగకుండా అడవి తరఫున మాట్లాడకూడదు

నగరాల్లో ఇచ్చే శిక్షణల్లో సాధారణంగా ఈ పాఠం ఉండదు. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది.

చట్టంలో అభయారణ్యానికీ, నేషనల్ పార్కుకూ ఒక తేడా ఉంది. అభయారణ్యంలో స్థానికుల హక్కులు కొన్నింటిని కలెక్టర్ కొనసాగనివ్వవచ్చు. నేషనల్ పార్కుకు ఆ వెసులుబాటు లేకుండా చట్టం రాశారు. పశువుల మేత పూర్తిగా నిషేధం. అంటే నేషనల్ పార్కు కావాలని అడగడమంటే అక్కడ తరతరాలుగా బతుకుతున్నవాళ్ళ మీద గట్టి నిబంధన అడగడమే అవుతుంది. గోదావరి గట్ల మీద పాపికొండలు 2008లో వెయ్యి చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కు అయ్యాయి. అవి కొండరెడ్ల, కోయల నేల. 2006 నాటి అటవీ హక్కుల చట్టం నేషనల్ పార్కులకు కూడా వర్తిస్తుందని అందులోనే స్పష్టంగా రాసి ఉంది. గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ అక్కడి నుంచి కదిలించకూడదనీ ఉంది. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవని కార్యకర్త, తెలియకుండానే గూడెంలో ఉన్నవాళ్ళకు ఎదురు నిలబడతాడు.

నల్లమల మరోలా చూపించింది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 'సేవ్ నల్లమల' హ్యాష్‌ట్యాగ్ సినిమావాళ్ళ దాకా చేరింది. కానీ అంతకు ముందే పెంటల్లోని (అడవిలోని చిన్న గూడేల్లోని) చెంచులు, మన్ననూరు, అమ్రాబాద్ పరిసర ఊళ్ళ జనం అడ్డుపడుతున్నారు. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ కొన్ని నెలలు పులి కోసం మాట్లాడినవాళ్ళూ, చెంచుల కోసం మాట్లాడినవాళ్ళూ ఒకే వేదిక మీద ఉన్నారు. పులుల కోసం పెంటలను బయటికి తరలించే చర్చ వచ్చినప్పుడు మాత్రం వీళ్ళు మళ్ళీ చెరోవైపు వెళ్ళిపోతుంటారు. ఆ చర్చలో ఏ పక్షం తీసుకోవాలో శిక్షణ చెప్పనక్కర్లేదు. పెంటలో ఒక రాత్రి ఉండి, తేనె, జిగురు, ఈతాకు గురించి, ఎలుగుబంటి భయం గురించి, ఆసుపత్రి దూరం గురించి విన్నాకే నోరు విప్పాలని మాత్రం చెప్పాలి. చెంచు యువతే శిక్షణ తీసుకునేవాళ్ళలో ఉంటే ఇంకా మేలు. వాళ్ళకు అడవి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. గెజిట్ చదవడం నేర్పితే చాలు.

మరి శిక్షణ ఎలా ఉండాలి?

రెండు రోజుల వర్క్‌షాప్‌తో పని జరగదు. ఏడాది పొడవునా, సొంత ఊరికి దగ్గరున్న ఒకే పార్కు మీద నడవాలి. తిరుపతి పిల్లలకు శేషాచలంలోని శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, వనస్థలిపురం వాళ్ళకు మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు వైపు వాళ్ళకు మృగవని ఉన్నాయి. ఆ పార్కు నోటిఫికేషన్, మ్యాపు, నిర్వహణ ప్రణాళిక తెచ్చుకుని, కాగితం మీదున్న సరిహద్దు రాయి నేల మీద ఎక్కడుందో వెళ్ళి వెతకాలి. కాగితం దొరక్కపోతే అదే మొదటి సమాచార హక్కు దరఖాస్తు అవుతుంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు. రాకపోతే మొదటి అప్పీలు. ప్రశ్న ఎలా అడగాలో ఇక్కడే తెలుస్తుంది. "పార్కును ఎందుకు కాపాడటం లేదు?" అని రాస్తే జవాబు రాదు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా రోడ్డు కోసం ఇచ్చిన చెట్ల నరికివేత అనుమతుల నకళ్ళు ఇవ్వండి" అంటే ఇవ్వక తప్పదు.

ప్రజాభిప్రాయ సేకరణను తరగతి గదిలో నాటకంలా సాధన చేయించాలి. పెద్ద ప్రాజెక్టు వస్తే కాలుష్య నియంత్రణ మండలి ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇచ్చి, కనీసం 30 రోజుల తర్వాత కలెక్టర్ అధ్యక్షతన సభ పెట్టాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభ మొత్తం వీడియో తీయాలి. ఎవరేం అన్నారో చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు కోరం, అంటే ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. రానివాళ్ళ మౌనం రికార్డులో ఒప్పుకోలులా మిగిలిపోతుంది. అక్కడ మైకు చేతికొస్తే దొరికేది రెండు మూడు నిమిషాలే. ఆ సమయంలో కోపం చూపించి దిగిపోవడం కాకుండా, నివేదికలో ఫలానా పేజీలో ఫలానా వాగు లేదని చెప్పి, ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కిందో లేదో చూసుకుని దిగాలి.

ఎవరు నేర్పాలన్నది తేలికైన ప్రశ్న కాదు. స్కూళ్ళలో ఎకో క్లబ్బులు ఉన్నాయి, అటవీశాఖ శిబిరాలు ఉన్నాయి. అవి బాగానే పనిచేస్తాయి, ప్రాజెక్టు ప్రభుత్వానిదే అయినప్పుడు తప్ప. రోడ్డు వేసేది ప్రభుత్వమైతే ప్రభుత్వ నిధులతో నడిచే క్లబ్బు నోరు విప్పలేదు. కంపెనీ సామాజిక బాధ్యత నిధులతో నడిచే సంస్థకూ ఇదే ఇబ్బంది. రిటైరైన అటవీ అధికారులు, కాలేజీల్లో బోటనీ, జువాలజీ చెప్పే అధ్యాపకులు, హైకోర్టు లాయర్లు, పక్షి ప్రేమికుల సంఘాలు కలిస్తే డబ్బు పెద్దగా లేకుండానే ఈ పని మొదలుపెట్టవచ్చు. పాఠాలు మాత్రం తెలుగులో ఉండాలి. సెక్షన్ 35ను అచ్చంపేట డిగ్రీ కాలేజీలో తెలుగులో చదువుకునే అమ్మాయికి అర్థమయ్యేలా రాసిన పుస్తకం ఉండాలి.

శిక్షణ తీసుకున్నవాళ్ళ భద్రత గురించి కూడా ముందే మాట్లాడాలి. కేసు పెడితే ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ఏం చెప్పాలి, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందా అన్న టెన్షన్ నిజమైనది. దాన్ని భయపడేవాళ్ళ బలహీనతగా కొట్టిపారేసే శిక్షకుడికి పిల్లలను అప్పగించకూడదు.

ఆఖరిది, అందరూ మర్చిపోయేది. అనుమతి వచ్చాక కూడా పని ఉంటుంది. పర్యావరణ అనుమతి పొందినవాళ్ళు షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. ఎకో సెన్సిటివ్ జోన్‌కు రెండేళ్ళలో జోనల్ మాస్టర్ ప్లాన్ తయారు కావాలి, పర్యవేక్షణ కమిటీలో స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఉండాలి. ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఏం రాసింది అని అడిగేవాళ్ళు ఉండాలి. 2016లో కేబీఆర్ చుట్టూ చెట్లను పట్టుకుని నిలబడ్డ ఇరవై ఏళ్ళవాళ్ళకు ఇప్పుడు ముప్పై వచ్చింది. కొందరికి పిల్లలున్నారు, కొందరు ఊళ్ళు మారారు. అప్పటి పిటిషన్లు, సమాచార హక్కు జవాబులు, చెట్ల లెక్కలు, ఫొటోలు ఒకచోట భద్రంగా ఉంటే, ఈ ఏడాది కాలేజీలో చేరిన పిల్లలు ఆగిన చోటి నుంచే అందుకుంటారు. లేకపోతే మళ్ళీ మొదటి దరఖాస్తుతో మొదలుపెట్టాలి. కాబట్టి ప్రతి బ్యాచ్ దిగిపోయే ముందు ఫైళ్ళన్నీ తేదీలవారీగా సర్ది, తర్వాతి బ్యాచ్‌లో ఇద్దరికి చేతికిచ్చి, ఏ అప్పీలు ఎక్కడ పెండింగ్‌లో ఉందో దగ్గరుండి చెప్పి వెళ్ళాలి.